రాచ్చిప్పలో అమ్మ

"అయ్యా, 'నేను' అనేది వేరేగా ఏదీ లేదంటారు మీరు. ఉన్నదంతా ఒక్కటే బయలు, అందులో ఇది నేను, అది నువ్వు అని మనమే గీతలు గీసుకుని ఏడుస్తున్నామంటారు. సరే, నమ్ముతాను. మరి తెల్లారి కళ్లు తెరిచేసరికల్లా మా అమ్మ కావాలి, మా అమ్మ కావాలి అని నాలో కొట్టుకుంటున్నదెవరు? లేని మనిషికి ఇంత దిగులు ఎట్టా పట్టిందయ్యా?"

నీలవేణి ఈ మాట అడిగినప్పుడు మస్తానయ్యగారు వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. పెన్న ఒడ్డున, ఇసుక తిన్నెలకు కాస్త ఎగువగా ఉండేది ఆయన మఠం. మఠమంటే పెద్ద కట్టడమనుకునేరు. తాటాకు కప్పిన ఒక పొడుగాటి వసారా, దాన్నానుకుని వంటిల్లు, వంటింటినానుకుని నాలుగైదు చిన్న గదులు, ముందొక బావి, చుట్టూ సరుగుడు తోపు. గాలి వీచిందంటే ఆ తోపు మొత్తం, ఎవరో దూరాన కూర్చుని తమలో తాము నిట్టూరుస్తున్నట్టు ఉండేది. నీలవేణి అక్కడికి వచ్చిన మొదటిరోజే ఆ చప్పుడు విని, నా మనసు నాకంటే ముందే ఇక్కడికి వచ్చేసిందని అనుకుంది.

మస్తానయ్యగారిని అందరూ అయ్య అనేవారు. అయ్యకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న పట్టుకుని వస్తే చిన్న పని చేతిలో పెట్టి పంపేవారు. జీవుడు ఎక్కడినుంచి వచ్చాడని అడిగిన ఒక షావుకారు చేత, బావిలో పడిపోయిన చేదను పూటంతా వెతికించారు. మోక్షం సంగతి అడిగిన ఒక పంతులుగారికి గొడ్లచావిడీ, గంపా చూపించారు. కోపం వచ్చి వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయేవారు. పని చేసి ప్రశ్న మరిచిపోయినవాళ్లు కొందరు. పని ముగించుకొచ్చి, ఇక ఏమీ అడక్కుండా ఆయన పక్కన ఊరికే కూర్చుండిపోయినవాళ్లు ఎప్పుడో ఒకరు. నీలవేణి అడిగిందానికి కూడా ఆయన తలెత్తలేదు. ఒక గింజను బొటనవేలితో నొక్కి బయటికి తీసి, "రేపు సాయంత్రం పాలొస్తాయి, ఎల్లుండి మా గురువుగారి పూజ. గంగాళం అటకమీదుంది. దింపించి తోమించమ్మణ్ణీ," అన్నారు.

నీలవేణికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ప్రశ్నను ఆమె ఎన్నాళ్లనుంచో, మల్లెలు ఒక్కొక్కటీ ఏరి దండ గుచ్చినట్టు గుచ్చుకుంది. తెచ్చి ఆయన పాదాల దగ్గర పెడితే గంగాళం తోమమంటారా! లేచి వెళ్లింది. వెళ్లేముందు మాత్రం తన గదిలోకి వెళ్లి, మూల చుట్టకుదురు మీద ఉన్న రాచ్చిప్పను ఒకసారి తడిమి వచ్చింది.

ఆ రాచ్చిప్ప కథ చెప్పాలి. మెత్తటి రాతిని తొలిచి చేసిన చిన్న గిన్నె అది. బరువు ఎక్కువ, అందం తక్కువ. నీలవేణి తల్లి ఆదెమ్మది. ఆదెమ్మ కాపురానికి వస్తూ పుట్టింటి పెరుగు కొంచెం అందులో తెచ్చుకుందట. ఆ పెరుగులోంచి చుక్క తీసి అత్తింటి పాలలో వేసింది. మర్నాడు అందులోంచి చుక్క తీసి ఆనాటి పాలలో వేసింది. అట్లా నిన్నటిది ఇవాళ్టికి, ఇవాళ్టిది రేపటికి తోడవుతూ, ఆ పెరుగు ఒక్కరోజు కూడా తెగలేదు. భర్త పోయిన రోజున కూడా ఎవరో పక్కింటామె చేత పాలు తోడుపెట్టించిందట ఆదెమ్మ. దీపాలవేళ పాలు గోరువెచ్చగా చేసి, చుక్క వేసి, వేలితో ఒక్కసారి తిప్పి, పైన పళ్లెం మూసి, చంటిబిడ్డను జోకొట్టినట్టు ఆ రాచ్చిప్ప మీద చెయ్యి వేసి, "కదిలించబాకు మే, నిద్రబోతాంది," అనేది కూతురితో. నీలవేణి చిన్నప్పుడు నిజంగానే లోపల ఎవరో పడుకున్నారనుకునేది.

కిందటి వానల్లో జ్వరం వచ్చి ఆదెమ్మ పోయింది. బంధువులు వచ్చారు, పెట్టెలు తెరిచారు, చీరలు పంచుకున్నారు. నీలవేణి దేనికీ చెయ్యి చాపలేదు. వంటింట్లోకి వెళ్లి రాచ్చిప్ప తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందులో అమ్మ తోడుపెట్టిన ఆఖరి పెరుగు ఉంది. ఆ రాత్రి ఆ పెరుగులోంచి చుక్క తీసి ఎవరో పోసిన పాలలో వేసింది. ఆ తరవాత బస్సులో ఆ బరువంతా ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుని, ఎవరో చెబితే విని అయ్య మఠానికి వచ్చింది.

మఠంలో ఒక గేదె ఉంది. సాయంత్రం దాని పాలు ఒక గ్లాసెడు అడిగి తెచ్చుకుని నీలవేణి తన గదిలో తోడుపెట్టుకునేది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని ఒక ముద్ద తినేది. ఆ పులుపు నాలుక చివర తగలగానే, ఆహా, ఏం చెప్పను! అమ్మ గాజుల చప్పుడు, కుంపటి పొగ, వీపు మీద అమ్మ అరచెయ్యి, అన్నీ ఒక్కసారిగా వచ్చేసేవి. ముద్ద గొంతు దిగేదాకా అమ్మ ఉండేది. దిగాక ఉండేది కాదు. ఇక ఆ రోజంతా రేపటి ముద్ద కోసం ఎదురుచూడటమే నీలవేణి బతుకు.

వంట చూసే చెంగమ్మత్తకు ఇది వింతగా ఉండేది. చెంగమ్మత్త లావుపాటి మనిషి, పెద్ద నోరు, అంతకంటే పెద్ద చెయ్యి. ఏది వడ్డించినా కుమ్మరించినట్టే ఉండేది. గిన్నెకు అంటుకున్నది వదిలేస్తే మాత్రం ఆమెకు నిద్ర పట్టదు. పప్పు గిన్నె కడిగిన నీళ్లు చారులో పోసేది, నెయ్యి గిన్నెలో వేడన్నం కలిపి ఎవరి నోట్లోనో పెట్టేది. ఆమె ఒకటి రెండుసార్లు, "మేయ్ అమ్మణ్ణీ, మీ అమ్మ పెరుగు నాకూ కాస్త రుచి చూపించరాదా? బంగారమేమన్నా రంగరించి పోయిందా ఏంది అందులో?" అని అడిగింది. నీలవేణి నవ్వి ఊరుకునేది. ఒకసారి పక్క పల్లెనుంచి గేదె ఈనిన ఇల్లాలు వచ్చి, ఇంట్లో పెరుగు లేదు, కొంచెం తోడు పెట్టమ్మా అని ప్రాధేయపడితే, "పొద్దు వాలిందక్కా, దీపాలు పెట్టాక తోడు గడప దాటించకూడదు," అంది నీలవేణి. నిజమే, ఆ ప్రాంతంలో ఆ ఆచారం ఉంది. పెరుగు లక్ష్మి కదా, దీపాలవేళ తరవాత ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. కానీ అప్పటికి ఇంకా దీపాలు పెట్టలేదు. ఆ ఇల్లాలు ఆకాశం వంక చూసి, నీలవేణి వంక చూసి వెళ్లిపోయింది. అయ్య అక్కడే కూర్చుని ఉన్నారు.

ఇక గురుపూజ ముందురోజు వచ్చింది. అయ్య గురువుగారు చివరిరోజుల్లో పెరుగన్నం తప్ప ఇంకేమీ తినలేదట. అందుకని ఆయన పేరు మీద ఏటా వచ్చినవాళ్లందరికీ పెరుగన్నం పెడతారు. ఆ సాయంత్రం చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ పాలు అమ్మరు. ఏ ఇంటి పాలు ఆ ఇంటివాళ్లు తెచ్చి గంగాళంలో పోసి పోతారు. గేదెపాలు, ఆవుపాలు, మేకపాలు కూడా. చెంబుతో తెచ్చినవాళ్లూ, బిందెతో తెచ్చినవాళ్లూ. ఎవరివి ఎన్ని అని అడిగే అలవాటు అక్కడ లేదు. పోసింతరవాత చెప్పమన్నా చెప్పలేరు. అన్నీ కలిపి కాచి, చల్లార్చి, దీపాలవేళకు తోడుపెట్టి గోనెపట్టాలు కప్పితే తెల్లారేసరికి గంగాళం నిండా పెరుగు.

ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. ఇసుకలో నడిచి వచ్చినవాళ్ల కాళ్లు బొబ్బలెక్కాయి. చెంగమ్మత్తకు చూడబుద్ధి కాలేదు. మఠం పెరుగు కుండలన్నీ చిలికి, ఉప్పూ అల్లం వేసి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు మజ్జిగ పోసింది. చిక్కటి మజ్జిగ పలచనైంది, పలచనిది నీళ్లయింది, ఇంకా జనం వస్తూనే ఉన్నారు. ఆఖరికి పక్క పల్లె తిరపాలు తాత తన మేకను తోలుకుని వస్తే, కుండలకు అంటుకున్నదంతా నీళ్లు పోసి తొలిచి ఆయనకు పోసింది. ఆయన తాగి, మీసాలు తుడుచుకుని వెళ్లాడు. పొద్దు గుంకింది. వసారాలో దీపం వెలిగింది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, చెంగమ్మత్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"నా బుద్ధి మండిపోనూ! తోడుకు చుక్క ఉంచకుండా మొత్తం పోసేశానే!"

పాలు కాస్తున్న ఆడవాళ్లు ముందు నవ్వారు. "ఏందత్తా, తిరపాలు తాత మేకకు కూడా పోశావా?" అంది ఒకామె.

"పోశానే! పాపం, నాలుక బయటపెట్టుకుని నా ముఖమే చూస్తా ఉండె!"

తరవాత ఎవరికీ నవ్వు రాలేదు. అంత పెద్ద గంగాళం నిండా కాచిన పాలు. ఈ ఉక్కకు తెల్లారేదాకా ఆగుతాయా? విరిగిపోతాయి. ఎల్లవేళలా మఠాన్ని కనిపెట్టుకుని ఉన్న పల్లెల పాలు. పొద్దున జనం వచ్చి విస్తళ్ల ముందు కూర్చుంటారు. ఎండుమిరప తొడిమలు వేస్తే పేరుకుంటాయని ఒకామె అంది. "గ్లాసెడు పాలకైతే సరే, దీనికి ఒక తోట తొడిమలు కావాలి," అంది చెంగమ్మత్త. పల్లెలోకి ఎవరినన్నా పంపుదామంటే, ఏ ఇంట్లో ఇస్తారు ఈ వేళప్పుడు? అడిగినవాళ్లది తప్పు, ఇచ్చినవాళ్లది అంతకన్నా తప్పు. అట్లా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, చూసుకుంటూ, అందరూ ఒక్కొక్కరే నీలవేణి గది వైపు తిరిగారు.

నీలవేణి అంతా విన్నది. విని, రాచ్చిప్పను ఒళ్లోకి తీసుకుని గోడకు చేరగిలబడింది. ఈరోజు హడావుడిలో తను ఇంకా పాలు తోడుపెట్టుకోలేదు. పొద్దున తినగా మిగిలిన పెరుగు సగానికి ఉంది. అమ్మ ఆఖరుగా ముట్టుకున్నదాని తాలూకు, ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది, ఈ సగం చిప్పే. చెంగమ్మత్త వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆ పెద్ద నోరు ఎన్నడూ లేనంత చిన్నగా పలికింది.

"అమ్మణ్ణీ."

"దీపాలు పెట్టేశారత్తా," అంది నీలవేణి తల దించుకుని.

"గడప దాటిస్తే కదమ్మా దోషం. నీ గదికీ నా వంటింటికీ నడుమ గడపేదీ? చూపించు."

నీలవేణి కిందికి చూసింది. తన గది నేలా, వంటింటి నేలా ఒకే అలుకు. ఒకే చేత్తో, ఒకే బొక్కెనలో కలిపిన పేడతో పొద్దున చెంగమ్మత్త అలికింది. ఎక్కడ గది అయిపోయి ఎక్కడ వంటిల్లు మొదలవుతుందో తెలియకుండా, ఆరిన అలుకు మీద వేళ్ల గుర్తులు అర్ధచంద్రాల్లా అటునుంచి ఇటు వచ్చేశాయి. ఇన్నాళ్లూ అందులోనే పడుకుని లేస్తున్నా ఆ సంగతి ఆమె చూడలేదు.

రాచ్చిప్పను కొంగు చాటున పెట్టుకుని అయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన ఇవ్వమంటే ఇచ్చేస్తుంది, గురువాజ్ఞ. వద్దంటే ఇంకా మేలు. ఏదో ఒకటి ఆయన నోటివెంట వస్తే ఈ బరువు దిగిపోతుందని ఆమె ఆశ.

"అయ్యా, ఇచ్చానంటే మా అమ్మ ఆ పాలన్నిట్లో కలిసిపోతుంది. ఇక నేను వెతుక్కున్నా దొరకదు. ఇవ్వకపోతే రేపు ఇంతమంది ఆకుల ముందు కూర్చుని లేచిపోతారు. నేనేం చెయ్యను?"

అయ్య ఆమె వంక చూశారు. ఆ చూపులో జాలి ఉందో లేదో దీపం వెలుతురులో ఆమెకు తెలియలేదు. "పాలలో వేలు పెట్టి చూడు," అన్నారు. "కాలితే కాసేపు ఆగు. కాలకపోతే ఆగబాకు."

నీలవేణి వెళ్లి గంగాళంలో వేలు పెట్టింది. కాలలేదు. ఎంత గోరువెచ్చగా ఉన్నాయంటే, వేలు ఎక్కడుందో పాలెక్కడున్నాయో తెలియనంత. ఆమెకు ఏడుపు వచ్చింది. గరిటెతో ఒక్క గరిటెడు తీసి వేసింది. "అమ్మణ్ణీ, సముద్రంలో కాకిరెట్ట వేసినట్టుందే," అంది చెంగమ్మత్త మెల్లగా. ఇంకొక గరిటె వేసింది. ఇంకొకటి. ఆఖరికి కళ్లు గట్టిగా మూసుకుని రాచ్చిప్పను వంచేసింది. వంచేటప్పుడు ఒక్కటే అనుకుంది. గోడలకు అంటుకున్నది మిగులుతుంది, అది చాలు నాకు, గ్లాసెడు పాలకు ఆ మాత్రం తడి చాలు. చిప్పను పక్కన పెట్టి, గ్లాసుతో తన పాలు తెచ్చుకుందామని అటు తిరిగింది.

తిరిగి వచ్చేసరికి చెంగమ్మత్త తన పని తాను చేసేసింది. గంగాళంలోంచి గోరువెచ్చటి పాలు ముంచి రాచ్చిప్పలో పోసి, వేళ్లతో గోడలు చుట్టూ రుద్ది, అంటుకున్నదంతా తొలిచి గంగాళంలో ఒంపేసింది. ఒంపి, అంతటితో ఊరుకుందా? పిల్ల అంత త్యాగం చేసిందే, ఆ గిన్నె నేనే తోమిపెడదామని, బూడిదా పీచూ పెట్టి తళతళా తోమి, వేణ్ణీళ్లతో కడిగి, పొయ్యిగట్టు మీద బోర్లించింది. నీలవేణి గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"అత్తా," అంది. "మా అమ్మని కడిగేశావా?"

చెంగమ్మత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అయ్యో నా తల్లీ! గిన్నెకు అంటుకున్నది వదలకూడదని మా అత్త నేర్పిందే. ఆ చెయ్యి ఊరుకోదే!" అని ఆ చేత్తోనే నోరు కొట్టుకుంది. నీలవేణి గ్లాసు కింద పెట్టింది. ఆడవాళ్లు గంగాళానికి గోనెపట్టాలు కప్పుతుంటే వచ్చి ఒక పక్క కూర్చుంది. అందరూ వెళ్లాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఆ గోనెపట్టా మీద చెయ్యి వేసింది. లోపలినుంచి వెచ్చదనం అరచేతికి తగిలింది. ఎవరితో అంటున్నదో తనకే తెలియకుండా, "నిద్రబో," అంది.

తెల్లారింది. పెరుగు రాయిలా పేరుకుంది. పైన మీగడ, దాని కింద తెల్లటి నిశ్శబ్దం. నీలవేణి రాచ్చిప్ప తెచ్చుకుని ముందుగానే చుక్క దాచుకుందామని వంటింట్లోకి అడుగు పెట్టిందో లేదో, వెనకనుంచి అయ్య గొంతు వినిపించింది. "మొదటి పంక్తి కూర్చుంది. పెరుగు నువ్వు వడ్డించమ్మణ్ణీ." బయట విస్తళ్లు పరిచి ఉన్నాయి. ఆకలిగొన్న ముఖాలు ఎదురుచూస్తున్నాయి. ఆమె చిప్పను పొయ్యిగట్టు మీద పెట్టి గరిటె అందుకుంది.

ఒక పంక్తి లేచింది, ఇంకొకటి కూర్చుంది. నీలవేణి వడ్డిస్తూ ప్రతి ముఖమూ చూసింది. ఎవరి నోట్లో ఉంది అమ్మ? ఎవరికి తెలుస్తుంది? ఒక పంక్తి చివర కొండ వైపునుంచి వచ్చిన ముసలామె కూర్చుని ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి, తడి కళ్లతో నీలవేణి కొంగు పట్టుకుని లాగింది. "ఎవురు తోడుపెట్టారు బిడ్డా ఇది? అచ్చం మా అమ్మ పెరుగే. మా అమ్మ పోయి ఎన్నేళ్లయ్యె! ఈ పులుపు మళ్లా తగల్లేదు నాకు."

కాదు, అది మా అమ్మది! మాట నీలవేణి గొంతుదాకా వచ్చింది. అంతలో ఎదుటి వరసలో ఎవరో ఒక పెద్దాయన, మీసాలకు పెరుగు అంటించుకుని, "ఏందవ్వా, నీకొక్కదానికేనా? నేనూ అదే అనుకుంటా ఉండాను. మా ఇంట్లో ఇట్టాగే ఉండేది, మా అమ్మ ఉన్నప్పుడు," అన్నాడు. ముసలామె గయ్యిమంది. "నీ మొకం! మీ అమ్మకేం తెలుసయ్యా మా కొండకాడి పెరుగు సంగతి?" పంక్తి అంతా నవ్వింది. ఆ పెద్దాయనా నవ్వాడు, నవ్వుతూనే కొంచెం సేపు ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. నీలవేణి ఆ మాట మాని గరిటె ముంచింది. ముసలామె ఆకులో ఇంకొక గరిటె వేసింది. వేస్తుంటే దుఃఖమే, కానీ ఎవరి దుఃఖమో చెప్పలేని దుఃఖం. ముసలామెదో, ఆ పెద్దాయనదో, తనదో.

వేలికి అంటిన పెరుగును ఆమె ఒక్కసారి నాలుకకు రాసుకుని చూసింది. పులుపు తగిలింది, చెమట ఉప్పు తగిలింది, పొయ్యి పొగ తగిలింది. అమ్మదో, కాదో. ఇంకోసారి చూద్దామనుకునేలోగా, "అమ్మాయ్, ఇటు! ఇటు పెరుగు!" అని పిలుపు.

తిన్నవాళ్లు ఊరికే పోరు. గురుపూజ పెరుగు తోడుకు మంచిదని, పొద్దుండగానే ఇల్లు చేరాలని, ఆడవాళ్లందరూ గంగాళం చుట్టూ మూగారు. గ్లాసుల్లో, చెంబుల్లో, ఏమీ తెచ్చుకోనివాళ్లు దొన్నెల్లో, తలా కాస్త. మునుపు నీలవేణి తోడు ఇవ్వకుండా పంపేసిన ఇల్లాలు కూడా వచ్చింది. దొన్నె చాపింది. నీలవేణి ఆమెను గుర్తుపట్టి, ఒక గరిటెకు రెండు గరిటెలు వేసింది. ఆమె ఏమీ దెప్పలేదు. "చల్లగా ఉండు తల్లీ," అని వెళ్లిపోయింది. చిట్టచివరకు చెంగమ్మత్త గంగాళాన్ని పక్కకు వంచి, అడుగూ గోడలూ చేత్తో తుడిచి, తిరపాలు తాత చెంబులో వేసింది. వేశాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. అప్పటికి తాత మేకను అదిలిస్తూ సరుగుడు తోపు దాటిపోయాడు.

నీలవేణి ఖాళీ రాచ్చిప్ప పట్టుకుని అయ్య దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎదురుగా పెన్న ఇసుక మెరుస్తోంది. జనం చిన్న చిన్న గుంపులుగా, కొండ వైపూ, సముద్రం వైపూ, ఏటి ఆవలికీ, చేతుల్లో దొన్నెలు ఒలికిపోకుండా పట్టుకుని నడిచి వెళుతున్నారు. దూరం పెరిగేకొద్దీ ఎవరెవరో తెలియకుండా పోతున్నారు. ఆమె అన్ని దారులూ చూసింది. ఏ దారి వెంట చూసినా గుండె ఆ దారినే వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"చుక్క మిగల్లేదయ్యా," అంది.

"ఊఁ."

"ఇవాళ దీపాలవేళకు అందరిళ్లలో పాలకు తగులుతుంది. నాకే లేదు." ఖాళీ చిప్పలోకి చూసింది. "నేను ఎవరింటికి పోయి అడగాలి, మా అమ్మని?"

"రేపు పొద్దున లేచి నడువు. మొదట కనబడిన ఇంట్లో అడుగు."

నీలవేణి కళ్లు తుడుచుకుంది. రాచ్చిప్పను కొంగుతో శుభ్రంగా తుడిచి నడుముకు ఆనించుకుని లేచింది.

"చిప్ప ఇక్కడే పెట్టిపో," అన్నారు అయ్య.

"మరి దేంట్లో తెచ్చుకోనయ్యా?"

"తెచ్చుకోవడమెందుకమ్మణ్ణీ? అక్కడే కూర్చుని తినిరా."